పొట్లంలో కరపత్రం పెట్టాలా?

చెన్నై తెలుగు క్రైస్తవ సంఘాల నుంచి వచ్చిన ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం చెన్నైవే. బైబిలు వాక్యం మీద సందేహాలు తక్కువ. అద్దె, ఆసుపత్రి, వరద, చావు గురించి అడిగినవే ఎక్కువ. అందుకే ఈసారి వాటికే చోటిచ్చాం.

ప్రశ్న: పెరంబూరులో మాది 60 కుటుంబాల తెలుగు సంఘం. ఈ ఏడాది నలుగురికి ఉద్యోగాలు పోయాయి. ప్రార్థిస్తున్నాం గానీ చేతిలో పెట్టడానికి ఏమీ లేదు. పోయినసారి ఒక సోదరుడికి 20,000 అప్పుగా ఇస్తే ఆయన మందిరానికి రావడమే మానేశారు. సహాయ నిధి ఎలా నడపాలి? (ఒక సంఘ పెద్ద)

జవాబు: ముందు ఆ అప్పు సంగతి తేల్చండి. అప్పున్న మనిషి ఆదివారం అప్పిచ్చినవాళ్ళ పక్కన కూర్చుని పాట పాడలేడు. సంఘం ఇస్తే ఇచ్చెయ్యాలి, లేకపోతే లేదని చెప్పాలి. 20,000 అప్పిచ్చే బదులు 6,000 ఊరికే ఇచ్చి ఉంటే ఆయన ఈపాటికి మీ మధ్యే ఉండేవారు. ఇద్దరు పెద్దలు ఆయన ఇంటికి వెళ్ళండి. వసూలుకి వచ్చారేమోనని గుండె ఝల్లుమంటుంది కాబట్టి, ఆ డబ్బు లెక్కలో కొట్టేశామని గుమ్మంలోనే చెప్పండి. టీ ఆ తర్వాత తాగవచ్చు.

ఇక నిధి. కుటుంబానికి నెలకు 200 అనుకుంటే 12,000 రావాలి. అందరూ ఇవ్వరు, 8,000 వస్తుందని లెక్క వేసుకోండి. దీన్ని దశమభాగాల్లోనో కట్టడం నిధిలోనో కలపవద్దు. కలిపారంటే మైకు సెట్టు పాడైన నెలలో పేదల డబ్బు మైకుకి పోతుంది.

చూసుకోవడానికి ముగ్గురు చాలు. అందులో ఒక్కరైనా స్త్రీ ఉండాలి. ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయో స్త్రీల కూడికలోనే ముందు తెలుస్తుంది. పాస్టరు గారు ఆ ముగ్గురిలో ఉండకూడదని మా అభిప్రాయం. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకి రోజూ పంచేచోట అన్యాయం జరుగుతోందని గొణుగుడు పుట్టింది. అపొస్తలులు ఆ పని తాము నెత్తిన వేసుకోలేదు, ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లూ చదవండి, అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు ఎటునుంచి వచ్చిందో గరిటె అటువాళ్ళ చేతికే ఇచ్చారన్నమాట. మీ దగ్గర కూడా "నెల్లూరు వాళ్ళకే ఇస్తారు, శ్రీకాకుళం వాళ్ళు కనపడరు" అన్న మాట వినిపిస్తుంటే శ్రీకాకుళం మనిషినే ముగ్గురిలో వేయండి. కులం విషయమూ ఇంతే. మన సంఘంలో అలాంటివి లేవని అనుకున్నంత మాత్రాన పోవు.

3,000 లోపు అయితే ముగ్గురిలో ఇద్దరు ఫోనులో ఒప్పుకుంటే అదే రోజు ఇచ్చేయాలి. అంతకు మించితే ముగ్గురూ కూర్చుని వారంలోపు తేల్చాలి. ఒక కుటుంబానికి వరుసగా 3 నెలలు ఇచ్చాక మళ్ళీ చూడండి. ముందే గడువు చెబితే వాళ్ళూ ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటారు.

స్కూలు ఫీజు స్కూలుకే కట్టండి. మందుల డబ్బు మందుల షాపుకి. అద్దె మాత్రం ఇంటాయన చేతికి ఇవ్వవద్దు. చర్చి వాళ్ళు అద్దె కడుతున్నారని తెలిసిన రోజునుంచి ఆయన వేరే అద్దెదారుణ్ణి వెతకడం మొదలుపెడతాడు. ఆ కుటుంబం ఖాతాకే వేయండి, వాళ్ళే కట్టుకుంటారు. నగలు తాకట్టులో ఉంటే మొత్తం విడిపించబోవద్దు, నిధి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. వేలం నోటీసు వచ్చిందా అని అడగండి. వచ్చి ఉంటే వడ్డీ వరకు కట్టి తిరగరాయిస్తే ప్రస్తుతానికి ఊపిరాడుతుంది. ఆంధ్రా రేషన్ కార్డు ఉన్నవాళ్ళు చెన్నైలో పనికిరాదనుకుని బియ్యం కొంటుంటారు. అది ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన కార్డై, ఆధార్ కలిపి ఉంటే ఇక్కడి రేషన్ షాపులోనూ వేలిముద్ర వేసి తెచ్చుకోవచ్చు. ముందు అది చూడండి.

"అవసరం ఉన్నవాళ్ళు చెప్పండి" అని ప్రకటిస్తే ఎవరూ చెప్పరు. ముగ్గురూ తలా 20 ఇళ్ళు పంచుకుని నెలకోసారి ఫోను చేయండి. అవసరం ఉన్నవాళ్ళకే చేస్తే ఫోను మోగగానే పక్కింటికి కూడా తెలిసిపోతుంది, అందుకే అందరికీ చేయాలి. "బాగున్నారా" అంటే "దేవుని కృప" అనే వస్తుంది. "ఈ నెల ఫీజు కట్టారా, అద్దె ఇచ్చారా" అని అడిగితే గానీ అసలు మాట రాదు.

లెక్కల పుస్తకంలో పేర్లు వద్దు, నంబర్లు రాయండి. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం ఒక్కరి దగ్గరే ఉండాలి. సంఘంలో చదివేది మొత్తం మాత్రమే: ఈ నెల నాలుగు కుటుంబాలకు 11,500. సాయం పొందినవారిని సాక్ష్యం చెప్పమని ముందుకి పిలవకండి. ఒక్కసారి పిలిచారంటే తర్వాతివాళ్ళు ఆకలితోనైనా ఉంటారు గానీ అడగరు.

కానుకల సంచి మందిరంలోనే, ఆరాధన అయిన వెంటనే, ఒకే ఇంటివాళ్ళు కాని ఇద్దరు లెక్కపెట్టాలి. 500లు ఎన్ని, 200లు ఎన్ని, చిల్లర ఎంత అని చీటీ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. సోమవారం బ్యాంకులో వేయాలి. యెరూషలేముకి చందా పంపేటప్పుడు పౌలు కూడా తానొక్కడే మోసుకుపోలేదు, సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంటబెట్టుకున్నాడు. పాస్టరు గారి సొంత ఖాతాకి వెళ్ళే క్యూఆర్ బోర్డు గోడమీద ఉంటే తీసేయండి. ఆయన మంచివారే కావచ్చు. అయినా రేపు ఎవరైనా వేలు చూపిస్తే ఆయన దగ్గర చూపించడానికి కాగితం ఉండదు.

ఒక హెచ్చరిక. అమెరికా బంధువులు పంపుతామంటే తొందరపడవద్దు. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీయుల కిందే లెక్క. అక్కడి చర్చి పంపినా అంతే. ఆ డబ్బు తీసుకోవాలంటే సంఘానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. "నా ఖాతాకి వేయండి, నేను ఇస్తాను" అనే సర్దుబాటుతో మొత్తం సంఘం చిక్కుల్లో పడుతుంది.

ప్రశ్న: 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానప్పుడు మా వేళచేరి వీధుల్లో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. మా యువకులు పొట్లాలు పంచారు. సాంబారు అన్నం చాలావరకు పులిసిపోయింది. పొట్లంలో సువార్త కరపత్రం పెట్టాలా వద్దా అని పెద్ద వాదన కూడా జరిగింది. మళ్ళీ వానలు రాకముందే తేల్చుకోవాలని ఉంది. (యువజన కార్యదర్శి)

జవాబు: కరపత్రం వద్దు. ఇందుకు మన చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది, అది మీ ఊళ్ళోంచే పారుతోంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇచ్చి పని చేయించారు. వేలమంది బాప్తిస్మం అడిగినా కరువు సాయం నడిచినంతకాలం ఇవ్వలేదు. తిండి కోసం అడుగుతున్నారో దేవుడి కోసం అడుగుతున్నారో వాళ్ళకైనా తెలియాలి కదా. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న, ఒక్కరోజులో, గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మైలాపూరు దగ్గర ఎలక్ట్రిక్ రైలు కింద నల్లగా కనిపించే కాలువ అదే. వరద నీళ్ళలో నిలబడ్డ మనిషి మీరిచ్చే కాగితాన్ని కాదనలేడు. కాదనే వీలు లేనివాడికి సువార్త చెప్పడం సరికాదు. మీరు ఎవరని వాళ్ళే అడిగితే చెప్పండి, అడ్డేమీ లేదు. పొట్లం మీద సంఘం పేరు ముద్ర కూడా అక్కర్లేదు.

ఇక వంట. సాంబారు అన్నంలో పప్పు, కూరగాయ ముక్కలు, నీళ్ళు ఉంటాయి. వేడిగా పొట్లం కడితే నాలుగైదు గంటల్లో పులుస్తుంది. పులిహోరకి చింతపండు, నూనె, ఉప్పు కాపలా కాస్తాయి, పొద్దున చేసింది రాత్రి దాకా నిలుస్తుంది. 100 మందికి బియ్యం 12 కిలోలు, చింతపండు కిలోంపావు, నూనె లీటరున్నర నుంచి ఒకటి ముప్పావు, ఉప్పు 350 నుంచి 400 గ్రాములు, పల్లీలు కిలో. అన్నం కాస్త పలుకుగా దించి, శుభ్రమైన గుడ్డ మీద పరిచి, చెయ్యి పెడితే వేడి తగలనంత ఆరాక పులుసు కలపాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. వేడి మీద కడితే పొట్లంలో ఆవిరి నీరై అన్నం మీదే కారుతుంది, దాంతో పులిహోర కూడా పాడవుతుంది. కొబ్బరి పచ్చడి, ఆలుగడ్డ కూర పక్కన పెట్టకండి.

రెండో రోజు నుంచి తిండి పొట్లాలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, దొరకనివి వేరు. శానిటరీ ప్యాడ్లు, పసిపిల్లల డైపర్లు, సీసా నీళ్ళు, దోమల చక్రాలు, ఓఆర్‌ఎస్, ముసలివాళ్ళ బీపీ, షుగరు మాత్రలు. మాత్రలకి పాత స్ట్రిప్ ఫోటో తీసుకుని వెళ్ళండి, పేరు నోటితో చెబితే పొరపాటు పడతారు.

నీళ్ళు తీశాక సంపు సంగతి ఎవరూ పట్టించుకోరు. వరద నీరు చేరిన సంపు మొత్తం తోడి, గోడలు రుద్ది కడిగి, మళ్ళీ నింపాక 1,000 లీటర్లకి 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు వేయాలి. 5,000 లీటర్ల సంపుకి 12.5 గ్రాములు. నేరుగా చల్లకండి. బకెట్టులో కొద్ది నీళ్ళతో కలిపి, సున్నం అడుగుకి దిగాక పైన తేటనీరు మాత్రమే సంపులో పోయండి. గంట ఆగాక వాడుకోవచ్చు. సంచి విప్పినప్పుడు ఘాటు వాసన ముక్కుకి తగలకపోతే ఆ పౌడరు చచ్చిపోయినట్టే, ఎంత వేసినా లాభం లేదు.

ప్రశ్న: షోళింగనల్లూరులో మా అపార్టుమెంటులో బుధవారం గృహ కూడిక పెడతాం, 25 మంది వస్తారు. కింది ఫ్లోరు వాళ్ళు అసోసియేషన్‌కి ఫిర్యాదు చేశారు. ఇది మన విశ్వాసం మీద దాడి కాదా?

జవాబు: ముందు కింది ఇంట్లోకి వెళ్ళి, మీ డోలక్ ఎలా వినిపిస్తుందో వినండి. మాకు వచ్చిన ఇలాంటి ఉత్తరాల్లో సగానికి పైగా గొడవ మైకుతోనే మొదలైంది. హాల్లో 25 మందికి మైకు ఎందుకో మాకు ఇప్పటికీ అర్థం కాదు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల పరిమితి. మామూలు సంభాషణే దాదాపు 60 ఉంటుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకరు పనికిరాదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన బయట పెడుతుంటే పోలీసుల అనుమతి ముందే రాయించుకోండి.

మైకు తీసేయండి. డోలక్ బదులు చప్పట్లు, అవీ మెల్లగా. కీర్తన పుస్తకం తెరిచి పాత కీర్తనలు పాడండి, వాటికి డ్రమ్ము అక్కర్లేదు. కిటికీలు వేయండి, 8.30కల్లా ముగించండి. చెప్పులు మెట్ల మీద కాకుండా లోపల ఒక గోనెపట్టా మీద. బండ్లు ఇతరుల చోట పెట్టవద్దని ముందురోజే సందేశం పంపండి. ఇవన్నీ చేశాక కూడా ప్రార్థనే చేయకూడదని అంటే అప్పుడది వేరే విషయం. రాతపూర్వకంగా ఇమ్మని అడగండి, లాయరును కలవండి.

ప్రశ్న: మా సంఘం గ్రీమ్స్ రోడ్డుకి దగ్గర. నెల్లూరు, ఒంగోలు, తిరుపతి నుంచి వైద్యానికి వచ్చే తెలుగు కుటుంబాలు ఆదివారం వస్తుంటాయి. ఆసుపత్రి పరామర్శ చేస్తున్నాం గానీ ఉపయోగపడుతున్నామా అనిపిస్తోంది.

జవాబు: రోగికంటే తోడు వచ్చినవాళ్ళని చూడండి. రోగికి మంచం, భోజనం ఉంటాయి. లాడ్జిలో ఉన్న భార్యకి తమిళం రాదు, రాత్రి నిద్ర లేదు, బట్టలు ఉతుక్కునే చోటు లేదు. ఆవిడ రెండు గంటలు పడుకునేలా ఒకరు రోగి మంచం దగ్గర కూర్చోవడమే పెద్ద పరిచర్య. స్కాను రిపోర్టు తేవడానికి, కౌంటరులో తమిళంలో మాట్లాడడానికి ఒక యువకుణ్ణి ఇవ్వండి.

వార్డులో ఇద్దరే, పది నిమిషాలే. కీమోథెరపీ జరుగుతున్నవారి దగ్గరికి జలుబు ఉన్నవాళ్ళు వెళ్ళకూడదు, పూలు, కోసిన పళ్ళు తీసుకెళ్ళకూడదు. వాళ్ళ తెల్లరక్తకణాలు తగ్గి ఉంటాయి, మనకి తుమ్ముతో పోయేది వాళ్ళకి ప్రాణం మీదికి వస్తుంది. రోగికి నూనె రాసి ప్రార్థించమని బైబిల్లో యాకోబు పత్రికలో ఉందని నూనె తీసుకెళ్తారు. నర్సును అడిగి నుదుట చుక్క పెట్టవచ్చు. ఆక్సిజన్ మాస్కు ఉన్నవారికి ముఖం మీద నూనె వద్దు, కొవ్వొత్తి అసలే వద్దు. ఆక్సిజన్ దగ్గర రెండూ నిప్పుకి దారి తీస్తాయి. "విశ్వాసముంటే మందు అక్కర్లేదు" అనే మాట ఎవరి నోట వచ్చినా ఆ మనిషిని మళ్ళీ పంపకండి.

రక్తదాతల జాబితా ఒకటి రాసుకోండి: గ్రూపు, బరువు, చివరిసారి ఇచ్చిన తేదీ. బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. పురుషులు 90 రోజులకోసారి, స్త్రీలు 120 రోజులకోసారి ఇవ్వవచ్చు. ప్లేట్‌లెట్లు 5 రోజులే నిలవ ఉంటాయి కాబట్టి ఒకేరోజు పదిమందిని తోలుకెళ్ళడం దండగ. ఈరోజు ఇద్దరు, మూడు రోజులకి ఇద్దరు అన్నట్టు పంపండి. తలనొప్పికి ఆస్పిరిన్ వేసుకున్నవారు మూడు రోజులు ఆగాలి, అది ప్లేట్‌లెట్ల పనిని మందగిస్తుంది.

ప్రశ్న: ఎనిమిదో నెలలో మా పాప పోయింది. సంఘంలో ఒకరు దేవుని చిత్తం అంటారు, ఒకరు రహస్య పాపం ఉందేమో పరీక్షించుకోమంటారు. నాకు ప్రార్థన రావడం లేదు. మందిరానికి వెళ్తే ఏడుపొస్తోంది. (ఒక సోదరి, అంబత్తూరు)

జవాబు: అమ్మా, బైబిల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేలమీద మాట్లాడకుండా కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే చెడింది. వాళ్ళు మాట్లాడింది సరికాదని చివర్లో దేవుడే అన్నాడు. మీతో రహస్య పాపం మాట ఎత్తినవాళ్ళకి మీరు జవాబు చెప్పనక్కర్లేదు.

మీకు మాటలు రాకపోతే 88వ కీర్తన చదవండి. మిగతా విలాప కీర్తనలు చాలావాటికి చివర్లో ఒక వెలుగు ఉంటుంది. దీనికి లేదు, చీకటి అన్న మాటతోనే ఆగిపోతుంది. అయినా అది బైబిల్లోనే ఉంది, అదీ ప్రార్థనే. రోజుకి అది ఒక్కటి చాలు. కొన్నాళ్ళు ఆరాధనకి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి, వెనక తలుపు దగ్గర కూర్చుని, ముగింపు ప్రార్థనకి ముందే వెళ్ళిపోండి. పలకరింపులు తప్పుతాయి. చంటిబిడ్డల ప్రతిష్ఠ ఉన్న ఆదివారం ముందుగా చెప్పమని పాస్టరమ్మ గారిని అడగండి. ఆ వారం ఇంట్లోనే ఉంటే తప్పేమీ లేదు.

కాన్పు అయింది కాబట్టి పాలు పడి రొమ్ములు గట్టిబడతాయి, జ్వరం వస్తే డాక్టరుని చూడాలి. సిగ్గుపడి దాచేది ఇదే. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకపోయినా, చనిపోవాలని అనిపించినా 14416 కి ఫోను చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ అది, డబ్బు ఖర్చవదు, తెలుగులో మాట్లాడవచ్చు. మీవారు కూడా తండ్రే, ఆయన్ని ఎవరూ పలకరించి ఉండరు. సంఘంలో ఒక సోదరుణ్ణి ఆయనతో టీకి వెళ్ళమని పాస్టరు గారికి చెప్పండి.

ప్రశ్న: మా సంఘ సభ్యుడు చెన్నై ఆసుపత్రిలో చనిపోతే ఒంగోలు తీసుకెళ్ళి సమాధి చేశాం. ఇప్పుడు మరణ ధ్రువపత్రం ఒంగోలులో ఇవ్వడం కుదరదంటున్నారు. ఎందుకు?

జవాబు: మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదవుతుంది, సమాధి ఎక్కడైనా సరే. ఆసుపత్రి మరణమైతే చెన్నై కార్పొరేషన్‌కి ఆసుపత్రే తెలియజేస్తుంది. గడువు 21 రోజులు, ఆ తర్వాత ఆలస్య రుసుము, అనుమతులు మొదలవుతాయి. శవాన్ని తీసుకెళ్ళేటప్పుడే, కారణం రాసిన డాక్టరు పత్రం కాపీలు మూడు తీసుకోండి: ఒకటి అంబులెన్సు డ్రైవరుకి, ఒకటి ఊళ్ళో సమాధుల తోట వాళ్ళకి, ఒకటి మీకు. ప్రమాదమో మరేదో అనుమానమో ఉంటే పోస్టుమార్టం, పోలీసు కాగితం లేకుండా బయల్దేరవద్దు. ఒంగోలు దాదాపు 300 కిలోమీటర్లు. బంధువుల కోసం మర్నాటిదాకా ఉంచాలనుకుంటే ఎంబామింగ్ ఇక్కడే చేయించడం మేలు.

మన సంఘాల్లో ఎక్కువగా చిక్కొచ్చేది పేరు దగ్గర. మందిరంలో అందరూ యోహాను అని పిలిచే మనిషికి ఆధార్‌లో, బ్యాంకులో, ఇన్సూరెన్సులో వేరే పేరు ఉంటుంది. ఆ రాత్రి కంగారులో ఆసుపత్రి ఫారంలో ఎవరో యోహాను అని రాయిస్తారు, తర్వాత భార్యకి పీఎఫ్ డబ్బు రాదు. ఫారం నింపేది ఎవరైనా ఆధార్ కార్డు చేతిలో పెట్టుకుని, అక్షరం అక్షరం చూసి రాయాలి. సంఘ సభ్యుల రిజిస్టరులో బాప్తిస్మపు పేరు పక్కన ఆధార్ పేరుకి, భార్య లేక భర్త ఫోను నంబరుకి ఒక్కో గడి గీయండి.